ఆగని గుడ్డు

రూతమ్మ టీచరును ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేది కాదు. అడిగినవాళ్ల చేతికే ఏదో ఒక పని అప్పగించేది. కాలువ పక్క ఆడపిల్లల బడిలో ఫిజిక్సు చెప్పినన్నాళ్లూ అదే పద్ధతి. రిటైరై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు పేర్లూ, ముఖాలూ ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

ఒక ఆదివారం పాత శిష్యురాలు హైమ వచ్చింది. తనూ ఇప్పుడు ఫిజిక్సు టీచరే. గుమ్మంలో నిలబడి పేరు చెప్పుకున్నా రూతమ్మ గుర్తుపట్టలేదు. ఆ దిగులు దిగమింగుకుని, హైమ వంటింట్లో పీట మీద కూర్చుని తన గోడు వెళ్లబోసుకుంది.

"జడత్వం పాఠం ఎంతో కష్టపడి చెప్పాను టీచర్. గ్లాసు మీద అట్ట, అట్ట మీద రూపాయి పెట్టి, అట్ట లాగి మరీ చూపించాను. నెల తిరక్కముందే అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఏదీ నిలవనప్పుడు చెప్పడం దేనికి? రేపు వెళ్లి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేస్తాను."

ఇంతలో పొయ్యి దగ్గర కోడలు గొల్లుమంది.

"అయ్యో అత్తయ్యా! ఉడికిన గుడ్లు తీసుకెళ్లి మళ్లీ పచ్చివాటిలో కలిపేశారా? ఇవాళ పులుసో అట్టో ఇక గుడ్లే తేల్చాలి!"

ముసలావిడ ముఖం చిన్నబోయింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఆ గుడ్ల పళ్లెం వంకే చూస్తూ ఉండిపోయింది.

అది చూడలేక హైమ లేచి పళ్లెం అందుకుంది. ఒక్కో గుడ్డునూ గచ్చు మీద పెట్టి బొంగరంలా తిప్పింది. చకచకా తిరిగిన ఉడికినవి ఒక పక్కకు, తడబడుతూ తిరిగిన పచ్చివి మరో పక్కకు చేర్చింది. ఒక్కటీ పగల్లేదు.

"నీ ఇల్లు బంగారం కానూ! కాస్త ముందు రాకపోయావా!" అంది కోడలు.

రూతమ్మ చిన్నపిల్లలా అబ్బురపడింది. "ఎవరు నేర్పారమ్మా నీకిది?"

హైమ ఆవిడ పక్కన కూర్చుంది. "మీరే టీచర్. తొమ్మిదో తరగతిలో. పరీక్షలో అడిగితే ఒక్క ముక్కా రాయలేకపోయాను."

రూతమ్మ పచ్చిగుడ్డు ఒకటి తీసి తిప్పింది. వేలు ఆనించింది. గుడ్డు ఆగింది. వేలు తీయగానే, ఎవరూ ముట్టకుండానే, మెల్లగా మళ్లీ తిరగసాగింది. లోపలి సొన ఆగలేదు మరి.

హైమ గుడ్డునూ చూసింది, టీచరు కళ్లలోకీ చూసింది.

"వేలు పెట్టి చూస్తే ఆగిపోయినట్టే ఉంటుందమ్మా," అంది రూతమ్మ. "కాస్త తీసి చూడు."