తలకిందుల గుమ్మపు కోనమ్మ

పూర్వం వేపలకోనను చిన్నోబుళ నాయడనే పాలెగాడు ఏలుతుండిన కాలంలో, అక్కడి కోనమ్మ గుడికి వేపకర్రతో ద్వారబంధం చేసి నిలిపిన మౌనాచారి అనే వృద్ధశిల్పి ఉండేవాడు. ఆ ద్వారబంధపు పైకమ్మి, అంటే పై అడ్డకర్ర మీద ఆయన చెక్కిన మెలికల ముగ్గు, స్వర్గస్థురాలైన ఆయన ఇల్లాలు కాళమ్మ కాపురానికి వచ్చిన నాడు అత్తవారి వాకిట వేసిన ముగ్గు. అందుచేత ఆ మహానుభావుడు నిత్యం అమ్మకు దండం పెట్టే నెపంతో వచ్చి, ఆ కమ్మిని కళ్లారా చూసుకుని వెళ్లేవాడు. అమ్మకు తెలియదా ఏమిటి!

కాలక్రమాన ఎడమవైపు నిలువుకమ్మికి చెదలు పట్టగా, ద్వారబంధమంతా అగ్నికి సమర్పించి కొత్తది చేయించమని నాయడు ఆజ్ఞాపించాడు. మౌనాచారి ప్రాణం విలవిలలాడింది.

"దొరా, పుచ్చింది ఒక్క కమ్మే. అదొక్కటీ మార్చి తక్కినది కాపాడుకుంటాను, సెలవివ్వండి" అని కాళ్లావేళ్లా పడ్డాడు.

"సరే ఆచారీ. కొత్త కమ్మిలో దోషం కనబడిందా, మొత్తం అగ్నికే" అన్నాడు నాయడు.

చెట్టు నిలిచినట్టే కమ్మి నిలవాలనీ, మొదలు కిందికి, కొస పైకి ఉండాలనీ వడ్రంగంలో కట్టుబాటు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఎరిగిన ఆ సంగతినే, ఇల్లాలి ముగ్గుకు దీటైన తీగ చెక్కాలన్న ఆరాటంలో ఆయన మరిచిపోయాడు. కమ్మిని నిలబెట్టి ఆప్యాయంగా తడిమి చూసుకుంటే, అయ్యో, కొమ్మల కణుపులన్నీ నేలవైపు వాలి ఉన్నాయి! తీగ చెక్కడం అయిపోయింది, ఇక తిప్పి నిలిపే వీలు లేదు. చూసినవారు లేరు, నోరు మెదపకుంటే గండం గడిచిపోయేదే. కానీ ఎదురుగా అమ్మ ఉంది.

"దొరా, తప్పు చేశాను. తలకిందులుగా నిలిపాను" అని నాయడి సభలో చెప్పేసి, "కాళమ్మా, నీ ముగ్గును నా చేతులారా బూడిద చేసుకున్నానే!" అని భోరున ఏడ్చాడు.

నాయడి గుండె తరుక్కుపోయినా ఆడిన మాట తప్పలేక అగ్ని రగిలించమన్నాడు. పూజారిణి గుడి ద్వారానికి కడసారి అభిషేకజలం పోయగానే, పైకమ్మిని దాటి పొడుచుకొచ్చిన ఆ నిలువుకమ్మి మొదలు దగ్గర పచ్చని చిగురు పుట్టి, వంగి, కాళమ్మ ముగ్గు మీద రెండాకులు కప్పింది. పూజారిణికి పూనకం వచ్చింది.

"దాని వేరు పైన నేను పట్టుకున్నానురా, మౌనా. ముట్టనివ్వకు!"

ఆ ద్వారబంధం నేటికీ ఉంది. లోకమంతా పసుపు గడపకు రాస్తే, ఇక్కడ ఏటా ఉగాది మర్నాడు వడ్రంగుల ఇళ్ల ఆడపడుచులు నిచ్చెన వేసుకుని ఆ నిలువుకమ్మి తలకు రాస్తారు. పసుపునీళ్లు జారి పైకమ్మి మెలికలన్నీ నిండగానే "కాళమ్మ ముగ్గేసింది" అంటారు. ఆ మాట చెవిన పడ్డాకే అమ్మకు హారతి.