షడ్రక్ సాక్ష్యం

పాస్టరు శిక్షణ ముగిసి ఫిలేమోనుకు మొదటి సంఘాన్ని అప్పగించారు. సెలవు తీసుకోవడానికి గురువు తీతు అయ్యగారి ఇంటికి వెళ్లినప్పుడు, చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, సేవకుడు గెలిచాడని దేన్ని చూసి చెప్పాలి? సంఘం పెరగడాన్నా, మందిరం లేవడాన్నా?"

వాక్యం ఎత్తి చూపకుండా ఆయన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కాదు. ఆ రోజు మాత్రం బైబిలు తెరవలేదు. తాను చీరాల దగ్గర ఒక సంఘానికి కాపరిగా ఉన్ననాటి సంగతి చెప్పారు.

ఆ సంఘం గుడి ఆవరణను ఆనుకుని సుందరమ్మ అనే విధవరాలి మగ్గం పాక ఉండేది. ఆదివారం జనం పట్టక వాకిట్లో నిలబడేవారు. ఆ పాక స్థలం కలిస్తే పెద్ద హాలు కట్టవచ్చు. ఆమె ఇవ్వనన్నది. ఆ జాగా గుడిదేననీ, దయతలచి ఆమె భర్తను ఉండనిచ్చామనీ సంఘ పెద్దలు దావా వేశారు. వాళ్లు చూపించిన సాక్షుల్లో మొదటి పేరు షడ్రక్‌ది. ముప్పై ఏళ్లుగా గుడి గంట కొడుతూ, గేటు పక్క గదిలో భార్యతో కాపురముంటున్న మనిషి. ఆవరణలో ఏది ఎప్పుడు వచ్చిందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

వాయిదాకు ముందు అతను తీతు అయ్యగారి దగ్గరికి వచ్చాడు. "గుడికి స్థలం కొనక ముందునుంచే ఆ పాక ఉందయ్యగారూ. పునాది రాళ్లు ఆమె పెనిమిటితో కలిసి నేనే మోశాను."

"ఇది దేవుని పని, షడ్రక్," అన్నారు అయ్యగారు.

"ఆయన పనికి అబద్ధం ఎందుకండీ?"

కోర్టులో అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. బోను కమ్మీ పట్టుకుని మరీ చెప్పాడు. పెద్దల ముఖాలు మాడిపోయాయి. తరువాతి వాయిదాకు తీతు అయ్యగారు తెల్లటి అంగీ తొడుక్కుని స్వయంగా బోనెక్కారు. స్థలం గుడిదేనన్నారు. వయసు మీదపడి షడ్రక్‌కు మతి నిలవడం లేదన్నారు. జడ్జిగారు గంట కొట్టేవాడి మాట పక్కన పెట్టి, పాదిరిగారి మాట నమ్మారు.

తీర్పు వచ్చాక తొలి ఆదివారం కృతజ్ఞతా కూడిక జరిగింది. విజయమిచ్చిన దేవునికి స్తోత్రమని అయ్యగారు గంటసేపు ప్రసంగించారు. ఆ వారంలోనే సుందరమ్మ మగ్గం విప్పి బండికెత్తించుకుని అన్న ఊరికి వెళ్లిపోయింది. షడ్రక్‌ను పనిలోంచీ గదిలోంచీ తీసేశారు. ఉల్లిపాయల గోదాములో కాపలాకు కుదిరాడు. మూడేళ్లకు ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు.

కబురు తెలిసి తీతు అయ్యగారు వెళ్లారు. కుర్చీ లేకపోతే షడ్రక్ భార్య బియ్యం డబ్బా బోర్లించి వేసింది. ఆయన దాని మీద కూర్చున్నారు. చివరికి, "ఆ స్థలం ఆమెకు దక్కలేదు, నీ ఇల్లూ పోయింది. ఏం మిగిలింది షడ్రక్?" అని అడిగారు. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

అతను దగ్గు ఆగేదాకా ఉండి అన్నాడు. "ప్రార్థనకు మోకరిస్తే మాట గొంతుకు అడ్డం పడటం లేదయ్యగారూ. అంతే."

ఆ మాట విన్న తర్వాత ఆయన అతని కోసం ప్రార్థన చేయడానికి కళ్లు మూసుకున్నారు. "ప్రభువా" అన్నారు. ఆపైన మాట రాలేదు. కాసేపు చూసి, మంచం మీదున్న షడ్రకే ఆ ప్రార్థన పూర్తి చేశాడు. అందులో అయ్యగారి పేరు కూడా ఉంది. నాలుగు రోజులకు అతను పోయాడు. పేరు సంఘం పుస్తకంలో కొట్టేశామని పెద్దలు గుడి సమాధుల తోటలో చోటివ్వలేదు. తీతు అయ్యగారు వాళ్లకు ఎదురు చెప్పలేదు. కాలవ గట్టున పూడ్చిపెట్టారు.

ఫిలేమోను మెల్లగా అడిగాడు. "ఆ తర్వాతైనా వెళ్లి నిజం చెప్పారా అయ్యగారూ?"

"లేదు నాయనా," అన్నారు తీతు అయ్యగారు. "అప్పటికే హాలుకు శ్లాబు వేసేశాం."