పరంజా కింద భోజనం

పైడయ్య మేస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం పనివాళ్ళంతా దిగాక, ఎవరో ఒక తాపీపనివాడు నిలబడి గోడ కట్టే చెక్కల పరంజా కింద కూర్చుని క్యారేజీ విప్పేవారు. ఆ పూట ఆ పనివాడికి అంతకు మించిన సన్మానం లేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన ముఠాలో ఎవరి నెత్తిమీదా ఇటుక పడలేదు.

బొబ్బిలిలో మూడంతస్తుల బడి కడుతున్నప్పుడు శిష్యుడు తవిటయ్య ఆయన్ని నిలదీశాడు. వాడి గోడకి నిలువు చూసే తూకంగుండు ఎప్పుడు పెట్టినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

"నిన్నగాక మొన్న చేరినవాళ్ళ కింద కూడా తిన్నారు. నా కింద ఒక్క పూటైనా కూర్చోలేదు. నా పనిలో లోపమేమిటి గురువుగారూ?"

మేస్త్రిగారు క్యారేజీ అందుకున్నారు. నేరుగా వెళ్ళి తవిటయ్య పరంజా కింద కూర్చుని మూత తీశారు.

"ఇంకేం తవిటీ, ఈ పూట నువ్వే పెళ్ళికొడుకువి!" అని తోటివాళ్ళు కేకలేశారు.

తవిటయ్య ఛాతీ పొంగింది. అంతలో పైకి చూశాడు. తిరిగి రాగానే చేతికందాలని, రోజూలాగే తను పరంజా చెక్క అంచున పేర్చి వచ్చిన ఇటుకలు కనిపించాయి. అలా పెట్టొద్దని మేస్త్రిగారు చాలాసార్లు చెప్పారు. వాడు ఆ పూటకి సర్ది, మర్నాడు మరిచేవాడు.

గబగబా తన హెల్మెట్ తీసి ఆయన ముందు పెట్టాడు. "ఇది పెట్టుకోండి గురువుగారూ."

"అన్నం తినడానికా?" అన్నారాయన ముద్ద కలుపుతూ.

అందరూ నవ్వారు. తవిటయ్య నవ్వలేదు. నిచ్చెన ఎక్కాడు. మేస్త్రిగారు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. ముఠాలో అందరికన్నా వేగంగా ఇటుక పేర్చే ఆ చేతులు, ఒక్కొక్క ఇటుకనూ రెండు చేతులా పట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి గోడ పక్కకి చేర్చాయి. దిగి వచ్చి ఒకసారి పైకి చూసి, మళ్ళీ ఎక్కాడు. ఈసారి తాపీని, మేకులను, ఇటుక ముక్కలను గమేళాలోకి ఊడ్చి దించాడు.

"ఇంక నిశ్చింతగా తినండి," అన్నాడు. ఆ గొంతులో తడబాటు లేదు.

అప్పుడు అసిరమ్మ వచ్చింది. సిమెంటు మాలు మోసే మనిషి. అన్నాళ్ళూ నెత్తిన బరువున్నా సరే, తవిటయ్య పరంజాకి దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళేది. పైకి ఒకసారి తేరిపార చూసింది.

"కాస్త జరగండి మేస్త్రిగారూ, ఇక్కడ నీడ బాగుంది," అని అన్నం గిన్నెతో కూర్చుంది.

తవిటయ్య కళ్ళు మెరిశాయి. మేస్త్రిగారు వాడివైపు చూసి అన్నారు:

"నేను ముసలివాణ్ణి, నేను కూర్చుంటే ఏముందిరా. ఆవిడకి ముగ్గురు పిల్లలు."