రెండు సున్నాల నడుమ సద్దిమూట

అనగనగా ఒక ఊళ్ళో సుంకి అని ఒక పిల్ల. దానికి నోట్లో లెక్క ఆగదు. నడిస్తే అడుగులు లెక్కపెడుతుంది, తింటే ముద్దలు లెక్కపెడుతుంది. అచ్చం నీలాగే!

వాళ్ళ నాన్న ఎల్లప్ప వాగు అవతల జొన్నచేనికి కాపలా. ఆయన మంచె వదిలి వస్తే పిట్టలు కంకులన్నీ ఊడ్చేస్తాయి. అందుకని సుంకే రోజూ మోకాలిలోతు వాగు దాటి సద్ది ఇచ్చి వచ్చేది.

ఒకరోజు ఎగువన వాన కురిసి వాగు పొంగింది. అవతల నాన్న పొద్దుటినుంచీ పస్తు. సుంకి చేతిలో ఉన్నది ఒకటే మూట, అందులో రెండు జొన్నరొట్టెలు, ఉల్లిపాయ. పిట్టల్ని తోలడానికి నడుముకు చుట్టుకున్న వడిసెలలో పెట్టి విసరడం తప్ప దారి లేదు. కానీ వాగు మధ్య దిబ్బ మీద పెద్ద తుమ్మచెట్టు. మూట ఆ ముళ్ళకు తగులుకుంటే ఇంక అంతే సంగతులు. సుంకికి ఏడుపొచ్చింది.

అప్పుడు ఒక కొంగ వచ్చింది. పైనుంచి పైనే పోయింది, నీళ్ళని ముట్టనే లేదు. ఆ తర్వాత ఒక వానకోయిల కిందికి వాలి, నీళ్ళని ఒక్కచోట తాకి లేచిపోయింది. ఆ తర్వాత ఒక కప్ప, సుంకి నీళ్ళకని తెచ్చి పక్కన పెట్టుకున్న చెంబు మీదుగా గెంతింది. చెంబుకి ఇవతల జానెడు దూరంలో లేచింది, అవతల జానెడు దూరంలో దిగింది. సరిగ్గా చెంబు మీదున్నప్పుడే అన్నిటికన్నా ఎత్తున ఉంది.

నీళ్ళనో నేలనో తాకినచోట ఎత్తు సున్నా కదమ్మా! పదో తరగతి లెక్కల పుస్తకం పట్టుకుని మీ అక్క పొద్దస్తమానం వల్లించే శూన్యాలు అవే. కొంగకు ఒక్కటీ లేదు, వానకోయిలకు ఒకటి, కప్పకు రెండు. రెండుంటే, పెద్ద ఎత్తు వాటి నట్టనడుమే.

సుంకి కళ్ళు తుడుచుకుంది. చెట్టు నుంచి మంచెకు నలభై అడుగులని దానికి నోటికొచ్చు. తనున్న ఒడ్డు నుంచి చెట్టుకు పదిహేనే. చెట్టు నట్టనడుమకు రావాలని సుంకి ఇరవై ఐదు అడుగులు వెనక్కి నడిచింది.

"ఎందుకే వెనక్కి పోతావు? నీళ్ళ అంచుకు రా!" అని అరిచాడు ఎల్లప్ప.

"ఉండు నాయనా! దగ్గరికొస్తే నీ రొట్టె ఆ చెట్టు తింటాది!"

వడిసెల గిరగిరా తిప్పి వదిలింది. మూట లేచింది, తుమ్మకొమ్మ మీద జానెడు ఎత్తున పోయింది, మంచె కాళ్ళ దగ్గర దిగింది.

ఆ తర్వాత సుంకి ఇవతలి ఒడ్డునే కూర్చుని నాన్న తినే ముద్దలు లెక్కపెట్టింది. ఆఖరి ముద్ద అయ్యాకే లేచింది.

రొట్టె పోయె మంచెకి,
కథ పోయె కంచికి,
సుంకి పోయె ఇంటికి,
నిద్ర రావె కంటికి!