పంచలో నల్లబండలు

ఓబులమ్మకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. కారణం చెంచమ్మ తుడిచే పంచ.

సామి ఉండే ఇంటి నేలంతా కడప నల్లబండలే. లోపలి గది తుడిచే పని ఓబులమ్మది. అందరికంటే ముందు సామిని నమ్మి వచ్చిన శిష్యురాలు ఆమె. మొన్న మొన్న వచ్చిన చెంచమ్మకు సామి పంచ అప్పగించారు. ఎండలు ముదిరాక తన చాప కూడా గదిలోంచి పంచలోకి మార్చుకున్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా?

"ఏం నునుపు సామీ! మొహం కనబడుతోంది. ఎవరు తుడుస్తారు?"

"మా చెంచమ్మ" అనేవారు సామి.

ఆ 'మా' ఓబులమ్మ గొంతులో ముల్లులా దిగేది.

ఓరోజు ఉండబట్టలేక అడిగింది. "ఏం పూస్తావే బండలకు?"

"ఏమీ లేదక్కా. ముందు ఇసుక లేకుండా ఊడుస్తా. తర్వాత ఉత్త నీళ్లతో తుడుస్తా."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నేనేం లాక్కోను."

చెంచమ్మ బిత్తరపోయింది.

ఇత్తడి బిందెలు తోమి తోమి ఆరితేరిన చెయ్యి ఓబులమ్మది. మర్నాడు పొద్దున్నే చింతపండు పిసికింది. గది నడుమ, సామి ఇదివరకు కూర్చునే చోట, ఆ రసం బండలకు పట్టించింది. కాసేపు నానబెట్టి పీచుతో రుద్దింది. ఇవి మెరిస్తే చాప మళ్లీ లోపలికి వస్తుంది. అదీ ఆమె ఆశ.

ఆరాక చూస్తే బండల నిండా తెల్లటి మచ్చలు. నునుపు పోయింది. ఎంత కడిగినా తిరిగి రాలేదు.

ఏడుస్తూ పంచలోకి వచ్చింది.

"అది కావాలనే నాకు చెప్పలేదు సామీ. నా బండలు నాశనమైపోయాయి. దానివి చూడండి, ఎట్లా ఉన్నాయో!"

సామి లేచి గదిలోకి వెళ్లారు. వంగి మచ్చలను చేత్తో నిమిరారు.

"పులుపు బండను తినేసిందమ్మా."

మూలనున్న గిన్నెలో చింతపండు రసం ఇంకా మిగిలి ఉంది. ఆయన ఆ గిన్నె పట్టుకుని పంచలోకి నడిచారు. ఓబులమ్మ వెనకే వెళ్లింది. చెంచమ్మ పెరట్లో ఉంది.

"ఎక్కడ పోసేది?" అడిగారు సామి.

"ఏంది సామీ?"

"లోపలివి బాగుచెయ్యడం నాకు చేతగాదు. వీటిని వాటిలాగా చెయ్యడం చిటికెలో పని. అప్పుడు నీకూ చెంచమ్మకూ తేడా ఉండదు. ఇక్కడ పోసేదా? ఇంకాస్త అవతలా?"

ఆయన నవ్వడం లేదు.

ఓబులమ్మ వద్దనలేదు. 'పొయ్యండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినట్టు ఆమెకే తెలిసింది.

గిన్నె వంగింది.

ఓబులమ్మ చటుక్కున కూలబడి దోసిలి పట్టింది. పీచుతో రుద్ది రుద్ది తోలు లేచిన చేతులు. రసం పడగానే భగ్గుమన్నాయి. ఒక్క చుక్క కూడా బండ మీద పడలేదు.

సామి చెయ్యి ఆపారు.

"గిన్నెలో ఇంకా ఉందమ్మా."

"పొయ్యండి సామీ" అంది ఓబులమ్మ, దోసిలి తియ్యకుండా.