సూరీడమ్మ గీసిన సుద్దబాణం

అనగనగా అంటే మరీ రాక్షసుల కాలం కాదర్రా. ఊళ్లోకి కరెంటు వచ్చేసింది, రాజులింకా పోలేదు. ఆ మధ్యకాలంలో కలువకొండ అని ఒక చిన్న సంస్థానం ఉండేది.

ఆ రాజుగారికి వేట పిచ్చి లేదు, యుద్ధం పిచ్చి లేదు. ఉన్నదల్లా వడ్రంగం పిచ్చి. కోట వెనక పాత గుర్రపుశాలను పనిశాలగా మార్చుకుని, పొద్దస్తమానం పీటలు చేస్తూ కూర్చునేవారు. ఆ పీటల్లో నాలుగు కాళ్లూ నేలకు ఆనినది ఒక్కటీ లేదు. మంత్రిగారు రెండుసార్లు కింద పడ్డారు. పడి లేచి, "ఆహా, ఏమి పీట ప్రభూ!" అన్నారు. అనక చస్తారా?

పనిశాలలో మూడు మిషన్లు. కొయ్యను నున్నగా తిప్పే లేతు, చెక్క కోసే రంపం, ఉలులు నూరే సానరాయి. మూడింటికీ మూడు మోటార్లు. రాజుగారి తాతగారు ఓడలో తెప్పించిన పోత ఇనుప మోటార్లవి. ఇద్దరు పడితేగానీ కదలవు.

వాటిని చూసుకునేవాడు దానయ్య. ఇరవై ఏళ్లుగా పనిశాల తాళంచెవి దానయ్య మొలతాడుకే వేలాడేది. ఆయన నడుస్తుంటే గలగలమనేది. ఆ చప్పుడు వింటే చాలు, దానయ్యకు కడుపు నిండిపోయేది.

ఒక ఏడు వానాకాలంలో మూడు మోటార్లూ ఒకదాని వెంట ఒకటి మూలపడ్డాయి.

"ముసలివైపోయాయి ప్రభూ. పారేసి కొత్తవి కొనండి," అన్నాడు దానయ్య.

"మా తాతగారి చెయ్యి పడ్డ మోటార్లయ్యా! బాగుచేసేవాళ్లే లేరా?" అన్నారు రాజుగారు.

రాణిగారు తలుపు పక్కనుంచి అన్నారు. "సంతలో సూరీడమ్మ లేదూ? దానయ్య పారేయమన్న నా ఫ్యానును ఆవిడే కదా తిప్పింది."

అంతే! దానయ్యకు ఒళ్లు భగ్గుమంది. సంతలో గోనెపట్టా పరుచుకుని ఫ్యాన్లు విప్పుకునే మనిషి, కోటలోకా?

సూరీడమ్మ వచ్చింది. చేతిలో రేకుపెట్టె, చెవి మీద సుద్దముక్క. దానయ్యను చూడగానే, "బాగున్నావా బాబాయ్," అని నవ్వింది. ఆ నవ్వు కూడా దానయ్యకు గిట్టలేదు.

"దసరా ఆయుధపూజకు మూడూ తిరగాలి. తిప్పినవాళ్లకే పనిశాల తాళం," అన్నారు రాజుగారు.

దానయ్య చెయ్యి గబుక్కున మొల మీదికి పోయింది.

మొదటిది లేతు మోటారు. సూరీడమ్మ దాన్ని విప్పి చూసింది. లోపల గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి ఉంది. ఇరవై ఏళ్లుగా పైపైన తుడవడమే తప్ప విప్పి కడిగిన నాథుడు లేడు. ఆ మాట ఆమె పైకి అనలేదు. కిరసనాయిలుతో కడిగింది, అరిగిన బేరింగులు తీసి కొత్తవి వేసింది, పొడిపొడిగా రాలుతున్న వైర్లు మార్చింది. వేలితో తోస్తే ఇరుసు గిర్రున తిరిగింది. కోటలో అందరూ భేష్ అన్నారు.

"కడిగితే ఎవరికైనా తిరుగుతుంది. అంట్లు తోమడం కూడా ఒక విద్యేనా?" అన్నాడు దానయ్య.

ఆ పూట ఇంట్లో అన్నం సహించలేదు. "కూరలో ఇంత కారమా!" అని భార్య మీద అరిచాడు. ఆ ఇల్లాలు తక్కువదా? "నేను వేసింది చిటికెడే. మిగతాదంతా నీ కడుపులోది," అంది.

రెండోది రంపం మోటారు. దీని రాగితీగ లోపల మాడిపోయింది. పాత తీగ కోసేముందు ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి, కొత్త తీగ అన్ని చుట్లే చుట్టాలి. తగ్గితే మళ్లీ మాడిపోతుంది, పెరిగితే మోటారుకు బలం చాలదు. ఈ సంగతి దానయ్యకు తెలుసు. తెలిసే, సూరీడమ్మ రాకముందే తీగంతా కోసి లాగేశాడు.

"నీకు శ్రమ తగ్గించానమ్మా," అన్నాడు తియ్యగా.

"చుట్లు లెక్కపెట్టావా బాబాయ్?"

"అరెరే! మరిచే పోయాను."

"తీసిన తీగ ఏదీ?"

"ఎక్కడో పారేశాను. గుర్తులేదు."

సూరీడమ్మ తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి చటుక్కున లేచింది. రాగిని పారేసేవాడు లోకంలో ఉంటాడా? తిన్నగా పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. బుట్టలో ఒక తీగచుట్ట దారంతో కట్టింది కట్టినట్టే ఉంది. "దానయ్యగారు పొద్దున్నే అమ్మివెళ్లారు," అన్నాడు కొట్టువాడు. అక్కడే చతికిలబడి ఒక్కో చుట్టూ లెక్కపెట్టింది. ఎనభై నాలుగు. కొత్త తీగ ఎనభై నాలుగే చుట్టింది, వార్నిష్ పోసింది, మూడు రోజులు ఎండబెట్టింది. రంపం జుయ్యిమంది.

కొట్టు సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అని ఉంటే దానయ్య కాస్త దెబ్బలాడి తేలికపడేవాడేమో. అనకపోవడంతో మరీ ఉడికిపోయాడు. ఇరవై ఏళ్లు తనను మెచ్చిన నోళ్లే ఇప్పుడు సూరీడమ్మా సూరీడమ్మా అంటున్నాయి! చెవులు మూసుకున్నా వినిపిస్తూనే ఉంది.

మూడోది సానరాయి మోటారు. సూరీడమ్మకు ఒక అలవాటుంది. ఏ మోటారునైనా ముందు వట్టిగా తిప్పి చూస్తుంది. ఎటు తిరుగుతోందో చూసి దాని వీపు మీద సుద్దతో బాణం గీస్తుంది. ఆ తర్వాతే రాయి బిగిస్తుంది. ఎందుకంటే, సానరాయి సరిగ్గా తిరిగినంతసేపు దాన్ని పట్టుకున్న నట్టు బిగుస్తుంది. ఎదురు తిరిగిందా, నట్టు విప్పుకుంటుంది, రాయి ఊడి ఎగురుతుంది.

పూజకు ముందురోజు సూరీడమ్మ ఆ మోటారునూ బాగుచేసి, బాణం గీసి, రాయి బిగించి, భోజనానికి వెళ్లింది. తాళం ఎవరి దగ్గర ఉంది? దానయ్య దగ్గరే కదా! లోపలికి దూరి, రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాడు. రేపు స్విచ్చి వేస్తుంది, రాయి ఊడుతుంది, అందరి ముందూ పరువు పోతుంది. ఆ రాయి ఎగిరి ఎవరికి తగులుతుందో ఆలోచించాడా? అసూయకు అంత తీరికెక్కడిది!

దసరా వచ్చింది. మూడు మిషన్లకూ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పూజారి హారతి ఇచ్చాడు. లేతు తిరిగింది, రంపం తిరిగింది. ఇక సానరాయి.

"సూరీడమ్మా, స్విచ్చి వెయ్యి," అన్నారు రాజుగారు.

ఆమె చేతులు జోడించింది. "ఆయుధపూజ నాడు పెద్ద చెయ్యి ముందు పడాలి ప్రభూ. మా బాబాయి ఉండగా నేను వేయడమేమిటి?"

రాజుగారు పొంగిపోయారు. "ఎంత మంచి మాట! దానయ్యా, రా. మొదటి ఉలి నువ్వే నూరు." తాను చేసిన పీటల్లో పెద్దది తెప్పించి, సరిగ్గా రాయికి ఎదురుగా వేయించారు.

దానయ్య రాయి వంక, పీట వంక చూశాడు. పీట మీద కూర్చుంటే రాయి తిన్నగా మొహానికే.

"నాకు కళ్లు మసక ప్రభూ," అన్నాడు.

"ఇరవై ఏళ్ల అనుభవానికి కళ్లెందుకయ్యా? కూర్చో."

"చెయ్యి నొప్పి ప్రభూ."

"స్విచ్చికి ఒక్క వేలు చాలు. కూర్చోవయ్యా!"

కూర్చున్నాడు. వేలు స్విచ్చి దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఒక్కసారిగా పీట తన్నేసి లేచి, "వద్దు ప్రభూ! ఇది ఎదురు తిరుగుతుంది! రాయి ఊడిపోతుంది!" అని కేకపెట్టాడు.

అందరూ రాయికి దూరంగా జరిగారు.

రాజుగారు మెల్లగా అడిగారు. "ఇంకా తిరగనే లేదు కదా దానయ్యా. ఎటు తిరుగుతుందో నీకెలా తెలిసింది?"

దానయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. మొలలో తాళంచెవి గలగలమంది.

సూరీడమ్మ ముందుకొచ్చి స్విచ్చి వేసింది. రాయి బాణం గీసినవైపే తిన్నగా తిరిగింది.

"పొద్దున్నే రాయి తీసి మళ్లీ వట్టిగా తిప్పి చూశాను ప్రభూ. బాణం ఒకవైపు, మోటారు ఒకవైపు! వైర్లు సరిచేసి రాయి బిగించాను. తాళం వేసిన గదిలో ఎవరు మార్చారని నేనెవరినీ అడగలేదు. స్విచ్చే అడుగుతుందిలే అనుకున్నాను," అంది.

దానయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పీట మీద పెట్టాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కడుపుమంట ప్రభూ. మరేమీ కాదు. ఆమెను మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను," అన్నాడు.

"వీణ్ణి పొలిమేర దాటించండి!" అన్నారు రాజుగారు.

"వద్దు ప్రభూ," అంది సూరీడమ్మ. "ఎదురు తిరిగితే ఏమవుతుందో బాబాయికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బాణాలు గీసే పని ఆయనకే ఇవ్వండి."

అందరూ గొల్లున నవ్వారు. రాజుగారూ నవ్వేశారు.

ఆనాటి నుంచి తాళంచెవి సూరీడమ్మ కొంగున గలగలలాడింది, సుద్దముక్క దానయ్య చెవి మీదికి చేరింది. అసూయ పూర్తిగా పోయిందా అంటారా? ఒక్క రోజులో పోయేదా అది! ఆ గలగల వినిపించినప్పుడల్లా ఎక్కడో చురుక్కుమనేది. అయినా దానయ్య గీసిన బాణం మాత్రం ఒక్కటీ తప్పలేదు.

అందుకే చెబుతున్నా వినండర్రా: ఓర్వలేక ఒకరి పని చెడగొడితే, ఆ చోట మనకు పిలిచి పెద్దపీట వేసినా కూర్చోలేం.