చెరో కొస

పూర్వం ఒక కొండసీమలో గవరయ్య అనే ముసలి రంపపుకోత పనివాడు ఉండేవాడు. దివానుగారు పెంటమీద పారేయించిన పెద్ద రంపం ఒకటి అతని కంటబడింది. ఇద్దరు చెరో కొస పట్టుకుని కోసే రంపం అది. ఇంటికి మోసుకొచ్చి తుప్పు గీకాడు, మొద్దుబారిన పళ్ళకు ఆకురాయితో పదునుపెట్టాడు, ఒక పన్ను ఎడమకీ ఒక పన్ను కుడికీ ఒంచాడు. భార్య పోలమ్మ కొత్త పిడులు చెక్కిపెట్టింది. నెల తిరిగేసరికి ఆ రంపం టేకుదుంగను అరటిబోదెలా కోసేస్తోంది.

ఆ సంగతి దివానుగారి చెవిన పడింది. "రంపం నాది" అంటూ గవరయ్యనూ పోలమ్మనూ రంపంతో సహా రాజుగారి ముందుకు ఈడ్పించారు.

గవరయ్య చేతులు జోడించాడు. "మహారాజా! దివానుగారి మనుషుల చేతిలో కోస్తే అది వారి రంపమే. కోయకపోతే వారు పారేసిన పాత ఇనుమే. పారేసింది ఏరుకుంటే నేరమా?"

దివానుగారు నవ్వి, ఒక టేకుదుంగ తెప్పించి, దాన్ని కోయడానికి ఇద్దరు వస్తాదుల్ని దింపారు. ఒకడు లాగుతుంటే రెండోవాడు తన బలమూ చూపించాలని అటునుంచి తోశాడు. పల్చటి రేకు ఒంగిపోయి దుంగలో ఇరుక్కుంది.

ముసలి దంపతులు దాన్ని మెల్లగా విడిపించి, చెరో కొస పట్టారు. చూస్తుండగానే దుంగ రెండు ముక్కలైంది.

"ఏం మంత్రం వేశావురా?" అని గుడ్లురిమారు దివానుగారు.

"మంత్రం కాదు బాబయ్యా, నలభై ఏళ్ల కాపురం. పోలమ్మ లాగేటప్పుడు నేను నా బలం చూపించను."

రాజుగారు పకపకా నవ్వి రంపం వాళ్లకే ఇప్పించారు.

పోలమ్మ కొంగు సవరించుకుంది. "అంతమాత్రం నేర్పడానికే నాకు ముప్పై ఏళ్లు పట్టింది మహారాజా!"